చిప్పుకు కప్పిన శాలువ

"తాతా, చిప్పుల కంపెనీకి సీఈఓ అయిన రాఘవులు సార్ మీ మేనల్లుడే అంట గద. ఆయన సంగతి జర చెప్పవా?"

నా మాట ఫోన్ల పట్టుకుంటున్నవా బిడ్డా? పట్టుకో, పట్టుకో. గని జర దూరం పెట్టు, మూతికాడికి తెస్తే నాకు మాట రాదు. మీ నాయిన నిన్ను ఎందుకు పంపిండో నాకు ఎరుకే లే. ఎలక్ట్రానిక్స్ ఆఖరి సాలు చదువుతున్నవు, తాతతోని ఒక మాట చెప్పిస్తే బెంగుళూర్ల నౌకరి దొరుకుతదని. నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి దాక బస్సుల నిలబడి వచ్చినవు, ఉట్టి చేతులతోని పంపను. గని మొత్తం విను. విన్నంక గూడ అడగబుద్ధయితే అప్పుడు అడుగు.

రాఘవులు మా అక్క కొడుకు. వాళ్లది ఖిల్లా ఘణపూర్ పక్క ఊరు. మిద్దె ఎక్కితే ఖిల్లా కనపడుతది. ఆ ఖిల్లాతోని మాకు ఇప్పటిదాక అయిన ఉపకారం అదొక్కటే, కనపడుడు. అంత మెట్ట భూమి, వాన పడితే పల్లికాయ, పడకపోతే ఆకాశం దిక్కు చూసుడు. నేను ఆ కాలంల హైదరాబాద్ పోయి బి.ఏ. చదివిన. చదివి వస్తే మా నాయిన అడిగిండు, "బి.ఏ. అంటే ఏం పని చేస్తరు రా?" అని. డెబ్బై దాటినయి, ఇంకా జవాబు ఎతుకుతున్న. అప్పుడు చారాణా ఉంటే చాయ్, దాని మీద ఒక బిస్కెట్ గూడ... ఆఁ, ఏం చెప్తున్న? మా అక్క.

మా అక్క గొర్రు సంగతి చెప్పాలె ముందు. గొర్రు చూసినవా నువ్వు? మీకంత ట్రాక్టర్లు వచ్చినయి. ఎడ్లు గుంజుతుంటయి, మీద ఒక గిన్నె తీరుగ ఉంటది, ఎనుక నడిచే ఆడోళ్లు దాంట్ల ఇత్తులు పోస్తుంటరు. ఆ ఇత్తులు బొంగులల్ల నుంచి జారి సాళ్లల్ల పడుతయి. ఒక బొంగుల ఇంత మన్ను ఇరికిందనుకో, ఆ సాలు మొత్తం కాలీ. గమ్మత్తేందంటే, పైకి చూస్తే ఏం తెల్వదు. ఎడ్లు నడుస్తుంటయి, ఇత్తులు పోస్తనే ఉంటరు, అందరు పని చేస్తున్నట్లే ఉంటది. మొలకలు వచ్చిన దినం తెలుస్తది. అప్పుడు తెలిసి ఏం ఫాయిదా.

అందుకని మా అక్క పొలం పోయే ముందు వాకిట్ల గొర్రు నిలబెట్టి పిడికెడు ఇసుక పోసేది. అన్ని బొంగులల్లకెళ్లి ఇసుక కారాలె. కారితేనే ఎడ్లు కదలాలె. కారినంక ఎవడన్న చీల బిగించినా, తాడు సరిచేసినా, మళ్ల పోయించేది. ఇప్పుడే పోసినం గద అక్కా అంటే వినకపోయేది. "గొర్రును ముట్టినవా లేదా? ముట్టినవంటే మళ్ల పొయ్యి." అంతే. బాగ చాదస్తం అనుకునెటోళ్లం. ఆ ఇసుక పోసే పని చిన్నప్పుడు రాఘవులుదే.

ఇగ వాడి చదువు. డిప్లొమా వనపర్తిల, పై చదువు హైదరాబాద్‌ల. నౌకరి బెంగుళూర్ల, ఒక చిప్పుల కంపెనీ. వాడి పని ఏందని అడిగితే, వేరేటోళ్లు గీసిన దాంట్ల తప్పులు పట్టుడు అన్నడు. అది నౌకరా అల్లుడా, మన ఇండ్లల్ల ముసలోళ్లంత ఉట్టిగనే చేస్తరు గద ఆ పని, అన్న నేను. గని వాడు దాంట్ల మొనగాడు. అందరు అయిపోయింది అన్నంక, వీడు కాలేదు అంటడు. పొద్దుగూకి అందరు ఇంటికి పోదామని సంచి సదురుకుంటే, వీడు మళ్ల మొదటి నుంచి నడిపి చూద్దాం అంటడు. గసుంటోనితోని ఎవరికి పొసగుతది? ఏండ్లకేండ్లు అట్లనే సతాయించిండు. చిప్పులేమో బతుకుతనే ఉన్నయి. ఆఖరికి కంపెనీ మాలికులు ఆలోచన చేసి వాణ్ని సీఈఓ చేసిండ్రు. కంపెనీలల్ల గిదొక రివాజు బిడ్డా. బాగ దున్నే ఎద్దును అరక నుంచి ఇడిసి, బండి మీద కూసోబెట్టి, తలపాగ చుడుతరు. ఇగ దున్నుడు ఎవరు దున్నాలెనో ఎవరు అడగరు.

పేపర్ల ఫోటో పడ్డది. పడంగనే ఊరుకు ప్రేమ పుట్టింది. ఎరువుల దుకాణం సత్తయ్య లేడు? మన బస్టాండ్ ఎదురుంగ. ఊర్ల ఎవనికి ఏమయినా సన్మాన సంఘానికి అధ్యక్షుడు ఆయనే. మందికి రిటైర్‌మెంట్ అయినా శాలువే, ఆపరేషన్ అయి దవాఖాన నుంచి ఇంటికొచ్చినా శాలువే. ఆయన దినాం ఫోన్. రాఘవులన్నా, తారీఖు చెప్పు. వీడు ఇప్పుడు కాదు సార్, చిప్పు ఒకటి పంపేది ఉంది అంటడు. సత్తయ్యకు ఆ చిప్పు సంగతి అక్కర లేదు. సన్మానానికి పిలిచిన నాయకుడు ఒక తారీఖు ఇచ్చిండు, అదే తారీఖు. మంది లగ్గం ముహూర్తాలన్న ముందుకు ఎనుకకు జరుగుతయి గని, నాయకుడు ఇచ్చిన తారీఖు జరుగదు.

నీకు తెలిసే ఉంటది, వాళ్లకు ఫ్యాక్టరీ లేదు. వీళ్లు బొమ్మ గీసి పంపితే, సముద్రం అవతల ఎవరో చేసి పంపుతరు. చేసి రానీకె నెలలు పడుతది. పంపినంక మధ్యల ఆపుడు, దిద్దుడు ఉండదు. ఇత్తు భూమిల పడ్డట్లే. అందుకే పంపే ముందు మొత్తం బొమ్మను కంప్యూటర్ల పెట్టి నడిపి చూస్తరట. అది గూడ దినాలు పట్టే పని. నడిపి చూసిండ్రు. అంత మంచిగనే ఉన్నది. ఇగ పంపుదాం అనంగ, ఒక మూల చిన్న మార్పు పడ్డది. గిది గుర్తు పెట్టుకో బిడ్డా, మళ్ల చెప్త.

సన్మానం దినం ఫంక్షన్ హాల్ నిండిపోయింది. బస్టాండ్ నుంచి హాల్ దాక ఫ్లెక్సీలు. రాఘవులు ముఖం ఇంత చిన్నగ, సత్తయ్య ముఖం ఇంత పెద్దగ. వాడి చిన్నప్పటి బడిల లెక్కల సార్ మైకు పట్టి, ఈ పిల్లగాడు ఇంతటోడు అయితడని నేను ఆనాడే చెప్పిన అన్నడు. ఆనాడు ఆయన చెప్పింది నా చెవులతోని విన్న, మేకలు కాసుకోమని చెప్పిండు. నాయకుడు ఇంకో అడుగు ముందుకు పోయి, తన ఫోన్ల సిమ్ తీసి జనానికి చూపెట్టి, ఇది మన రాఘవులు చేసిందే అన్నడు. మీటింగ్ అయిపోయెదాక ఆ సిమ్ మళ్ల లోపల పెట్టరాక ఇద్దరు పీఏలు స్టేజి మీద పరేషాన్. సత్తయ్య అయితే ఫ్యాక్టరీకి జాగ గూడ చూసి పెట్టిండు, ఘణపూర్ రోడ్డుకు. ఫ్యాక్టరీ అనేది లేదు సార్ మాకు, అని వాడు చెప్పబోతే చప్పట్లు. ఎంత ఒదిగి ఉండే మనిషి అని నా పక్కాయన కండ్లు తుడుచుకున్నడు.

శాలువలు కప్పుతనే ఉన్నరు. ఎండకాలం మొదలు, హాల్ల ఫ్యాన్లు తిరుగుతలేవు. ఆఖరుకు శాలువల నడుమ వాడి ముక్కు ఒక్కటి కనపడ్డది.

తర్వాత... ఆఁ, మృగశిర దాటినంక. రెండు వానలు పడి పదును మంచిగున్నది. నేను అక్క ఊర్లనే ఉన్న. వీడు చెప్పకుండ దిగిండు. కారు లేదు, గద్వాలకు రైలుకొచ్చి, అక్కడి నుంచి బస్సుకు వచ్చిండు. సీఈఓ బస్సుల వస్తే ఏందో అయినట్లే గద. అక్క వాకిట్ల గొర్రు నిలబెట్టి ఇసుక పోస్తున్నది. వీడు గడప మీద కూసొని ఆ ఇసుక కారేదే చూసుకుంట కూసున్నడు. చాయ్ సల్లారిపోయింది.

"ఏమైంది రా?" అన్నది అక్క, చెయ్యి ఆపకుంట.

"చిప్పు వచ్చిందమ్మా. సచ్చి వచ్చింది. ఒక్కటి గూడ లేస్తలేదు."

"బొంగు మూసుకుందా?"

"అట్లనే అనుకో."

"పదును ఉండంగనే మళ్ల ఇత్తుకో మరి," అన్నది. అని ఎడ్లకు నీళ్లు తాపిచ్చేతందుకు పోయింది. ఆమెకు ఇది ఏటేటా చూసే సంగతే.

మాపటికి నేను వాణ్ని గద్వాల దాక సాగనంపనీకె పోయిన. రైలు లేటు. అదొక్కటే మనకు టైముకు జరిగేది. ప్లాట్‌ఫారం మీద కూసున్నంక అడిగితే చెప్పిండు. ఆ ఆఖరి మార్పు చేసింది ఒక పిల్ల, కొత్తగ చేరిన ఇంజనీరు. తప్పు ఆ మూలనే దొరికింది. మాలికులు పేరు అడుగుతున్నరట. నాలుగు దినాలల్ల మీటింగ్. ఆ పిల్ల పేరు రాసి ఇస్తే పిల్లను తీసేస్తరు, వీడి కుర్చీ వీడికే ఉంటది. కంపెనీకి అయిన నష్టం మామూలుది కాదు, ఎవరో ఒకరు పోవాలె, లేకుంటే మాలికులకు నిద్ర పట్టదు.

"ఇచ్చెయ్ మరి," అన్న నేను. "చేసింది ఆమెనే గద. నువ్వు ఇన్నేండ్లు కష్టపడి వచ్చిన కుర్చీ అది."

వాడు నా దిక్కు మళ్లి చెప్పిండు.

"మామా, మార్పు చేసినంక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. సార్, ముట్టినం గద, మొత్తం మళ్ల ఒకపారి నడిపి చూద్దామా అన్నది. చిన్నదే గదమ్మా, అవసరం లేదు అన్న. సంతకం పెట్టిన. కింద కారు స్టార్ట్ చేసి ఉన్నది. సత్తయ్య మూడోపారి ఫోన్ చేస్తుండు. నాకు శాలువ టైమైంది మామా."

నాకు ఆ హాలు యాదికొచ్చింది. చప్పట్లు, లెక్కల సారు, సిమ్ము. మేమంత ప్రేమతోని కప్పినం బిడ్డా, ఉత్తగ అనొద్దు. ఆ దినమే కప్పుతం అని పట్టుబట్టి, కప్పి, ఊపిరాడకుంట చేసి, ఒక చిప్పును చంపినం. హాల్ల ఉన్న ఒక్కనికి గూడ ఇది తెల్వదు. ఇన్నంక గూడ సత్తయ్య ఏమంటడో నాకు ఎరుకే. అయ్యో పాపం అని, ధైర్యం చెప్పెతందుకు ఇంకో శాలువ తెస్తడు.

రైలు వచ్చింది, వాడు పోయిండు. మీటింగ్‌ల నిలబడి, మళ్ల చూద్దామంటే వద్దన్నది నేను, సంతకం నాది, అన్నడట. పిల్ల పేరు ఎత్తలేదు. మాలికులు వాణ్ని శానా మెచ్చుకున్నరు, నీ అసుంటి నిజాయితీ మనిషి దొరకడు అన్నరు. అని కుర్చీల నుంచి లేపిండ్రు. వాడు బయటికి పోకుంట పాత టేబుల్ అడుక్కున్నడు. తప్పులు పట్టే టేబుల్. ఇచ్చిండ్రు. ఎందుకియ్యరు, అడుక్కునేది గదొక్కటే, దానికి పోటీ గూడ లేదు. వాడు, ఆ పిల్ల కలిసి దిద్ది, ముట్టినప్పుడల్ల మళ్ల నడిపి చూసి, పంపిండ్రు. ఆ సారి వచ్చిన చిప్పు లేసింది. లేసిన దినం బెంగుళూర్ పేపర్ల కొత్త సీఈఓ ఫోటో పడ్డది. ముసిముసి నవ్వుతుండు పాపం, ఆయన చేరి ఇంకా అన్ని గదులు గూడ చూడలేదట.

ఇగో, అందుకే మొత్తం వినుమన్న. మీ నాయినకు, ఊరుకు మనోడు ఇంకా సీఈఓనే. సీఈఓ అయిన దినం మన పేపర్ల వచ్చింది గని, ఆ కుర్చీ పోయిన దినం రాలె. వాని ఫ్లెక్సీ అయితే బస్టాండ్ కాడ ఏండ్లు ఉన్నది. ఎండకు సత్తయ్య ముఖం ఎలిసిపోయి, రాఘవులు ముఖమే మిగిలింది. మొన్న అలంపూర్ నీళ్లల్ల మునిగింది గద. మనోళ్లు లారీల బియ్యం, బట్టలు వేసుకొని పోయిండ్రు, నేను గూడ ఎక్కిన. కప్పుకోనీకె పనికొస్తయని పాత ఫ్లెక్సీలన్ని ఏసిండ్రు. అక్కడ ఒక ఇంటి గోడలు నిలబడ్డయి, కప్పు లేదు. తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు. కట్టెల మీద కప్పింది ఏందని చూస్తే మా రాఘవులే. శాలువలు కప్పుకొని, చేతులు జోడించి, బోర్లపడి వానను ఆపుతుండు. సన్మాన సంఘం చేసిన పనులల్ల పనికొచ్చింది అదొక్కటే అనిపించింది నాకు. సత్తయ్యకు చెప్పిన. ఆయన మురిసిపోయి, అయితే రెండో సన్మానం పెట్టాలె, అన్నడు. ఫోన్ చేస్తే రాఘవులు ఏమన్నడో తెలుసా? వస్త మామా, గని తారీఖు నేను చెప్త, చేతిల ఏ చిప్పు లేని దినం చూసి, అన్నడు. అంటే రాడన్నట్లు.

నంబర్ కావాల్నా? రాసుకో, ఇస్త. సీఈఓ గాడు, సిఫారసు చెయ్యలేడు. గని ఆ పిల్ల ఉన్నదే, సంతకం పెట్టే ముందు మళ్ల చూద్దామా అని అడిగిన పిల్ల, ఇప్పుడు ఆమెనే కొత్తోళ్లను పని మీద పెట్టుకునేది. ఆమె నిన్ను ఏం అడుగుతదో నేనిప్పుడే చెప్పగల్గుత. చెప్పను గని.

పోయి రా బిడ్డా, బస్సు దొరకదు మళ్ల. నీకు దేవుడు పెద్ద కుర్చీ ఇయ్యాలె అని దీవించను, అది ఎవనికైనా ఇస్తడు. నువ్వు మొదటి తప్పు చేసిన దినం, అది నాదే అని చెప్పే పెద్దమనిషి ఒకడు నీ మీద ఉండాలె. నువ్వు పెద్దగయినంక... ఆఁ, ఆ మాట నువ్వే అనుకో. అగో, ఇంకా పట్టుకుంటనే ఉన్నదా ఆ ఫోను? బంద్ చెయ్. ఆగు, ఏం ముట్టినవ్ దాన్ని? మొత్తం పడ్డదో లేదో, ఒకపారి మళ్ల మొదటి నుంచి పెట్టి చూడు...