నురగ ఆరేలోపు

మర్నాడు ఆయన గొంతుకు ఆపరేషన్. మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. గడ్డం నున్నగా గీసుకుని రమ్మన్నారు. చేతులు వణుకుతున్న భర్తను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఆయన పాత సేఫ్టీ రేజర్‌లో కొత్త బ్లేడు బిగించింది భార్య.

“తల పైకెత్తండి. కదిలారంటే తెగుతుంది.”

“నీకు చేతనవునా?”

“రోజూ చూస్తున్నదేగా. వాలుగా పట్టుకోవాలి, నొక్కకూడదు. రేజర్ బరువే చాలు.”

“నువ్వు చూస్తున్నావని నాకు తెలీనే తెలీదు.”

“మీరెప్పుడు తల తిప్పారు గనక! ఇక మాట్లాడకండి.”

“రేపట్నించి ఎలాగూ మాట్లాడను కదే.”

ఆమె చెయ్యి ఆగింది.

“ఇన్నేళ్లూ నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు కూర్చున్నారు. ఇప్పుడెందుకండీ ఈ మాటలు?”

“ఇదిగో, ఏమేవ్, అంటూనే గడిపేశాను. నిన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు.”

ఆమె రేజర్‌ను ఆయన గొంతు మీంచి తీసి నీళ్లగిన్నెలో పెట్టింది.

“అయితే పిలవండి.”

“నురగ ఆరిపోతుందేమో.”

“ఆరితే మళ్లీ రాస్తాను.”

ఆయన పిలిచాడు. బొంగురు గొంతుతో, కొత్త మాటేదో కూడబలుక్కుంటున్నట్టు పిలిచాడు.

ఆమె పలకలేదు. పలికితే ఆపేస్తాడేమోనని, విననట్టే నిలబడింది.