‘అంతరించిన జాతి’ బోర్డు కింద

అమ్మలారా, అయ్యలారా, మ్యూజియంలో నాతోపాటు పనిచేసే మిత్రులారా,

ఎక్కడి పనులక్కడ వదిలేసి వచ్చారు. మన గైడు బాబాయి ఇక లేరన్న మాట ఈ మ్యూజియం అధికారిగా నేనే చెప్పాలి.

ఈ సంతాప సభ కింది అంతస్తులోని పెద్ద హాల్లో పెడదామనుకున్నాం. ఆయన కూతురు ఈ మొదటి గదిలోనే పెట్టమంది. ఎందుకో తల పైకెత్తి చూస్తే మీకే తెలుస్తుంది. ఈ నేల మీద మొదట బతికిన మనుషుల పడవలు, వలలు, పసిపిల్లల ఊయల... వాటి పైన బోర్డు: ‘అంతరించిన జాతి’. ఆ జాతిలో పుట్టిన బాబాయి జీవితమంతా ఆ బోర్డు కిందే నిలబడి, వచ్చినవాళ్లకు మన దేశ చరిత్ర చెప్పారు.

ఆ మాట మొదట రాసిందెవరు? ఓడల్లో వచ్చిన దొరలు. నేల లాక్కున్నారు, అడ్డొచ్చినవాళ్లను చంపారు, మిగిలినవాళ్లను కొండల్లోకి తరిమి, ఇక ఎవరూ లేరని రాసుకున్నారు. సరే, వాళ్లు దొరలు. మరి మనం?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఇక్కడి దొరల పటాలన్నీ దించారు. నిచ్చెన పట్టుకున్నది అప్పుడే పనిలో చేరిన బాబాయే. వాళ్ల నాన్న ఆ పోరాటంలో జైలుకెళ్లొచ్చిన మనిషి. గది గదికీ పేర్లు మార్చారు. ఈ గదికొచ్చేసరికి ఏం చేశారో తెలుసా? దొరల భాషలో ఉన్న బోర్డు పీకేసి, అదే మాట మన భాషలో రాయించి మేకులు కొట్టారు. మన భాషలో! రంగు వెలిసినప్పుడల్లా మేమూ మళ్లీ వేయిస్తూనే ఉన్నాం.

బడిపిల్లలు ఆ బోర్డు చదివితే ఆయన చేతులు కట్టుకుని, ‘ఆ అంతరించినవాణ్ణి నేనేనమ్మా. సాయంత్రమైతే ఇంటికెళ్లి భోంచేస్తాను’ అనేవారు. పిల్లలు నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్లం, ఎంత సరదా మనిషో అని. అది సరదా కాదండీ. రోజూ మనకు పెట్టుకున్న అర్జీ.

ఒకసారి కమిటీ కూర్చుంది. ‘అంతరించిన’ అంటే మొరటుగా ఉంది, ‘క్రమంగా కనుమరుగైన’ అంటే మర్యాదగా ఉంటుందా అని పూటంతా బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. బాబాయి గుమ్మం దగ్గర నిలబడి, ‘మరి ఈ కుర్చీలు వేసిందెవరండీ?’ అన్నారు. మేం సంగతి వాయిదా వేసి టీకి లేచాం.

నిన్న ఆయన్ని సాగనంపి వస్తుంటే మాలో ఒక పెద్దమనిషి, ‘ఇక ఆ బోర్డు మార్చే పని తప్పింది’ అన్నాడు. పక్కనే ఆయన కూతురు, చంకలో బిడ్డ. ఆమె విన్నది. బిడ్డ తల నిమిరింది, అంతే. నాకు సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

దొరలు పోయారని పొంగిపోతాం కదా, వాళ్ల అబద్ధాన్ని దుమ్ము దులిపి మరీ కాపాడుతున్నామే! ఇంతకంటే తలవంపులేముంటాయి? అమ్మా, నీ ముందు నిలబడి మాట్లాడటానికే నాకు మొహం చెల్లడం లేదు.

బోర్డు తీయడానికి పైనుంచి ఉత్తర్వు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగమన్నారు. నేను ఆగను. వడ్రంగి నిచ్చెన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

అందరూ లేచి నిలబడండి. ఎవరూ మాట్లాడకండి. మేకులు తుప్పు పట్టాయి, ఊడబెరుకుతుంటే చప్పుడవుతుంది. ఆ చప్పుడు ఆగేదాకా ఎవరూ కూర్చోవద్దు.