ఆఖరి వంద గజాలు

మళ్ళీ నాలుగూ పది గేర్లే అంటావు. ఒడెల్ మావయ్యా, పొద్దున్నించి చిలక పలుకులా అదే మాట. ఆ పెట్టె పక్కన పెట్టు. రెండోది తెరువు. మూడూ డెబ్భై మూడు. ఆఁ, అదే. నా నోవా కారు వెనక ఇరుసులోకి ఎక్కేది ఆ గేర్లే.

తల అడ్డంగా ఊపకు. ఈ చుట్టుపక్కల వెనక ఇరుసు విప్పి గేర్లు కూర్చే చెయ్యి నీదొక్కటే, కాదన్నానా? నీకు పాఠం చెప్పేంతదాన్ని కాదు. కానీ బండి నాది, పగ కూడా నాదే.

నాలుగూ పది వేసుకుంటే సుఖంగా గెలుస్తానంటావు. ఒప్పుకుంటున్నా. పందెంలో పావు మైలు గీత దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఊపిరి సరిగ్గా అయిపోతుంది, మిగలదు, చాలకా పోదు. లెక్కల మాస్టారు మెచ్చుకునే గెలుపు. నాకక్కర్లేదు.

నాకు గ్యారెట్ ముందుండాలి. పచ్చ లైటు పడగానే వాడు నా కళ్ళముందే ఎగిరిపోవాలి. వాడి మంద కంచె పట్టుకుని ఊగిపోవాలి. వాళ్ళమ్మ లేచి నిలబడాలి. అప్పుడు, ఆఖరి వంద గజాల్లో, వాడి కిటికీ పక్కనించి నేను పోవాలి. తీరిగ్గా. వాడు తల తిప్పి నా మొహం చూసేంత తీరిగ్గా.

ఎందుకే ఇంత కక్ష అని ఇంకెవరైనా అడగొచ్చు. నువ్వు అడక్కూడదు. ఆ రోజు నువ్వక్కడే ఉన్నావు.

పోయిన వేసవిలో. గ్యారెట్ తొడిగిన ఉంగరం తీసి వాడి టూల్ పెట్టెలో పడేసి వచ్చి నెల కాలేదు. రంగు వేయిస్తానని వాడి షెడ్డులో ఉంచుకున్న నోవాని తెచ్చుకున్నాను. అమ్మ పోయాక మొదటిసారి దాన్ని గీత మీద నిలబెట్టాను. ఎంతమంది వచ్చారో చూశావుగా? మేవిస్ కూతురు వస్తోందిట, మేవిస్ కూతురు వస్తోందిట అని.

లైటు పడింది. తొక్కాను. నోవా ఏం చేసింది? వరండాలో పడుకున్న ముసలి కుక్క లేచినట్టు ఒళ్ళు విరుచుకుని కదిలింది. పక్కవాడు సగం దూరం పోయాడు. మైకులో ఆ పెద్దమనిషి, "కొరిన్ తల్లీ, చేతిబ్రేకు తియ్యడం మర్చిపోయావా?" అన్నాడు. అందరూ నవ్వారు. సరే, నవ్వనీ. ఆ నవ్వుల్లోంచి కంచె దగ్గర గ్యారెట్ గొంతు వినపడింది. "బండి మేవిస్‌దే. ఆ చెయ్యే రాలేదు పాపం పిల్లకి."

పాపం అన్నాడు చూశావా. తిట్టినా బాగుండేది.

నేను నమ్మాను మావయ్యా. అదీ నా బాధ. ఏడాదంతా నమ్మాను. కోళ్ళ ఫ్యాక్టరీ వెనక ఖాళీ రోడ్డు మీద, షిఫ్టు దిగి నేరుగా వెళ్ళి, క్లచ్చి వాసన కొట్టేదాకా తొక్కాను. క్లచ్చి మాడింది. ఇంకోటి వేశాను. అదీ మాడింది. అమ్మ నాకు ముక్కు ఇచ్చింది, జుట్టు ఇచ్చింది, చెయ్యి మాత్రం పట్టుకుపోయింది అనుకున్నాను. ఆవిడ సమాధి దగ్గరికెళ్ళి క్షమించమని కూడా అడిగాను. ఎవరి తప్పుకి ఎవరు క్షమాపణ చెప్పుకున్నారో చూడు.

ఎలా తెలిసిందా? రేడియో వల్ల.

నవ్వకు. హైవే మీద పోతున్నాను, రేడియోలో ఎవరో పాడుతున్నారు, ప్రతి మాటా వినపడుతోంది. అప్పుడు తట్టింది. అమ్మ నడిపినప్పుడు హైవే మీద ఈ బండిలో రేడియో వినపడేదా? ఇంజిన్ గోలకి మనం ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకునేవాళ్ళం కదూ? ఇదెప్పుడు ఇంత బుద్ధిమంతురాలైంది?

ఇంటికొచ్చి టైరు మీద సుద్దతో గీత పెట్టాను, ఇంజిన్ నించి ఇరుసుకొచ్చే షాఫ్టు మీద ఇంకో గీత. అమ్మ చిన్నప్పుడు నేర్పిన ఆటే. టైరు ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టు కొరీ, అనేది. అప్పుడు నాలుగున్నర పైచిలుకు వచ్చేది. ఇప్పుడు మూడు కూడా రాలేదు. రెండూ డెబ్భై మూడు. చర్చికీ సంతకీ తిరిగే ముసలమ్మల బండికుండే గేర్లు.

మరి అమ్మ గేర్లేవీ?

చేపల వేపుడు విందు రోజు చర్చి ఆవరణలో గ్యారెట్ తన కమారో కారుని ప్రదర్శనకి పెట్టాడు కదా. వాడు క్యాట్‌ఫిష్ మూడో పళ్ళెం మీదున్నాడు. సండే స్కూల్లోంచి సుద్దముక్క తెచ్చాను. బండిని మెల్లిగా తోసింది ఎవరనుకున్నావు? పాస్టరమ్మగారు. ఎందుకని ఒక్క మాట అడగలేదు ఆవిడ. చేతులు దులుపుకుని, "ఎంతొచ్చిందమ్మా?" అంది. నాలుగున్నర పైచిలుకు, అన్నాను. "మీ అమ్మది కూడా అంతే కదూ," అంది. ఇరుసంటే ఏమిటో తెలియని మనిషికి అర్థమైంది.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? గేర్లు ఎవరైనా అమ్ముతారు. ఇక్కడ కూర్చేది నువ్వు. నీ సొంత చెల్లెలి గేర్లు, ఆవిడ ఓవర్‌టైములు చేసి కొనుక్కున్న గేర్లు, నీ చేత్తో విప్పి వాడి బండిలో పెట్టావు.

ఏమిటీ? రోడ్డు మీద తిరగడానికి నేనే మార్చమన్నానని చెప్పాడా?

సరే. నమ్మావు. నాకు ఫోను ఉంది, నీకు ఫోను ఉంది, మధ్యలో తీగలెవరూ కొయ్యలేదు. అయినా నమ్మావు. దాన్ని వదిలేస్తాను.

పోయిన వేసవి, నేను ఓడిన ఆ శనివారం సంగతి చెప్పు. మూడో వరసలో కూర్చున్నావు, ఒళ్ళో ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం. నోవా అలా ముక్కుతూ కదిలిన క్షణంలోనే నీకు తెలిసిపోయింది. అంతమందిలో నీకొక్కడికే తెలిసింది, అది నా చెయ్యి తప్పు కాదని. నేను బండి వెనక్కి తోలుకొస్తూ నీ వంకే చూశాను. కాయలు ఒలుచుకుంటున్నావు.

నీ నియమం నాకు తెలుసు. ఒకరి ఇరుసులో ఏముందో ఇంకొకరికి చెప్పవు. ఆ నియమం వల్లే కదా అందరూ నిన్ను నమ్మి బండ్లు తెస్తారు. మంచిదే. ఒక్క సందేహం తీర్చు. నా ఇరుసులో ఏముందో నాకు చెప్పడం ఏ నియమానికి విరుద్ధం?



ఇప్పుడు నా లెక్క విను. మన ఊరి పందెం స్ట్రిప్పు అరపావు మైలే. అందుకే అమ్మ గేర్లతో వాడు ఏడాదిగా రాజు. అమ్మ గేర్లు, ఆ నాలుగూ యాభై ఆరు, అంటే ఆరంభశూరుడు, ఎగిరి దూకుతుంది, దూరం పోయే దమ్ముండదు. అందుకే వాడిని అవతలి కౌంటీలో స్ట్రిప్పుకి రమ్మన్నాను. అక్కడ పూర్తి పావు మైలు. ఓడినవాళ్ళు గీత దగ్గరే బండెత్తి గేర్లు విప్పి ఇచ్చెయ్యాలి. వాడు పగలబడి నవ్వి ఒప్పుకున్నాడు. గేరు మార్చుకోవాలని తోచలేదు వాడికి. పెద్ద అంకె అంటే పెద్ద మగతనం వాడి దృష్టిలో.

కానీయ్, గేరు పళ్ళకి ఆ పసుపు రంగు పూసి ఎక్కడ రాసుకుంటున్నాయో చూడు. నేను దీపం పట్టుకుంటాను.

చేతులు ఆగిపోయాయేం?

ఓహో. నీకు తట్టింది. నాకెప్పుడో తట్టింది మావయ్యా. నాలుగూ పది అని పొద్దున్నించి ఎందుకు పోరుతున్నావో కూడా తెలుసు. దాంతో నేను మొదట్నించీ ముందుంటాను. వాడు సగంలోనే ఆశ వదులుకుని కాలు తీసేస్తాడు, క్షేమంగా ఇంటికి పోతాడు. దీంతోనైతే వాడు చివరిదాకా గెలుస్తున్నాననే అనుకుంటాడు. చివర్లో వాడి ఇంజిన్‌కి ఊపిరుండదు, సూది ఎర్రగీత దాటిపోతుంది. బుద్ధున్నవాడు కాలు తీస్తాడు. కిటికీలో నా మొహం కనపడుతుంటే గ్యారెట్ తీస్తాడా? మూడేళ్ళు వాడితో తిరిగాను. తియ్యడు. ఇంజిన్ పొట్ట పగిలితే ఆ నూనె పడేది వాడి టైర్ల కిందే. ఆ వేగంలో.

అవును, అదీ ఆలోచించాను. ఆలోచించే ఈ పెట్టె కొన్నాను.

నన్నలా చూడకు. నీకు దారి ఉంది. వెళ్ళి వాడికి చెప్పు, ఆ పిల్ల మూడూ డెబ్భై మూడు వేసింది, చివర్లో కాలు తియ్యరా అని. ఒక్క మాట చాలు. నేను అడ్డుపడను.

కానీ చెల్లెలి కూతురి కోసం తెరవని నోరు వాడి కోసం తెరవాలి మరి.

ఆ రంగు ఆరిపోతోంది, పూర్తి చెయ్యి. ఈ శనివారం పందెంలో నీకు మూడో వరసలోనే చోటు పట్టిపెడతాను. వేరుశెనక్కాయలు నేనే తెస్తాను.