బాగుందని పెట్టిన సంతకం

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వర్క్‌షాపు. వైద్య పరికరాలు బాగుచేసే పనిలో చేరి వారమైన అమ్మాయి, తన సీనియర్ ఎదుట నిలబడింది.

“సార్, ఐసీయూలో గుండెకి షాకిచ్చే మిషన్ పనిచేయట్లేదండి. బ్యాటరీ పోయింది.”

“నిన్ననే బాగుందని సంతకం పెట్టావు కదమ్మా?”

“చూడకుండా పెట్టానండి. మీరు పెట్టమన్నారు.”

“ఇన్‌స్పెక్షన్‌కి టైం లేక అన్నాను. సోమవారం కొత్త బ్యాటరీ వస్తుంది. అప్పటిదాకా ఎవరితోనూ అనకు.”

“అక్కడ పాపాయమ్మగారని ఒకావిడకి పొద్దున్నుంచీ గుండె లయ తప్పుతోందండి.”

“ఇప్పుడు చెబితే నీ ఉద్యోగం పోతుంది తల్లీ.”

“సిస్టరుగారికి చెప్పేసే వచ్చానండి. పై అంతస్తు నుంచి వేరే మిషన్ తెప్పించారు.”

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టారు.

“నా పేరు చెప్పావా?”

“లేదండి. అది మీరే చెప్తారనుకున్నాను.”