నిండు నీళ్లతో పోయిన ఫైరింజను

ఇట్టా రా శ్వేతా, కూర్చో. ఫైరింజన్ను కలువాయి వాళ్లకెందుకిచ్చినావవ్వా అని మూతి ముడుచుకుంటే ఎట్టా? నువ్వు ఫోన్లో అమ్మకానికని ఫోటోలు పెట్టబట్టే గదమ్మా అంతమంది వచ్చింది, కాదన్నానా. మొదటొచ్చినాడే ఆ నెల్లూరు హోటలాయన, చల్లగా ఉండనీ, మంచోడే. "ఏందమ్మా, నలభై ఏళ్ల బండి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదా? మీటరు చెడిందా?" అని నవ్వినాడు. మీటరుకేం నాయనా, దేవుడు మా మొర విన్నాడు అన్నాను. ఆయనకి అర్థం కాలా.

మీ తాత మాల్యాద్రి పోయి ఇరవై ఏళ్లాయె. అంతకుముందెప్పుడో, ఉదయగిరి కొండ కింద గోవిందయ్య గొర్రెల దొడ్డి అంటుకుంది. ఆత్మకూరు నుంచి ఫైరింజను వచ్చింది పాపం, వాగు దాటతా ఆ వంక ఇసకలో కూరుకుపోయింది. అవతల గొర్రెల అరుపులు. గోవిందయ్య ఎవర్నీ తిట్టలా. "నీళ్లు కనబడతానే ఉండాయి మాల్యాద్రన్నా" అన్నాడంట ఆ ఇంజన్ను చూపించి, అంతే. ఆ మాట మీ తాతని అన్నం తిననియ్యలా. పాలిచ్చే ఎనుముల్ని అమ్మి, ఎక్కడో మూతబడిన ఫ్యాక్టరీ వేలంలో, వాడకుండా పడున్న ఈ నాలుగు చక్రాలూ లాగే బండిని తెచ్చినాడు. మా అత్త ఓబులమ్మ ఊరుకుంటాదా? "ఎవురి కొంప అంటుకుంటాదా అని కాచుకోని కూర్చుంటావంట్రా?" అని దులిపేసింది. మీ తాతేమో శుక్రవారం శుక్రవారం బండి కడిగి, బొట్టు పెట్టి, ట్యాంకు నింపి, "తల్లీ, ఈ వారం కూడా నీకు పని తగలనీకు" అని దణ్ణం పెట్టేవాడు. బండి కొని, కదలకూడదని మొక్కే మనిషిని ఇంకెక్కడన్నా చూసినావా? కదిలిన పదిసార్లూ మాత్రం వంక దాటింది పాపా. గోవిందయ్య కట్టుకున్న రెండో దొడ్డి నిలబడింది దాని చలవే.

ఆయన పోయినాక తోలింది మీ నాయనైనా నింపింది నేనే. ఇప్పుడీ మోకాళ్లు నిచ్చెన ఎక్కనియ్యవు, అందుకే అమ్మింది. హోటలాయన ఎక్కువే ఇస్తానన్నాడు. పంపు పీకేసి, లైట్లు పెట్టి, వాకిట్లో నిలబెడతాడంట, పిల్లోళ్లు ఫోటోలు దిగేదానికి. కలువాయి వాళ్లు గొర్రెలు మేపుకునే వాళ్లు. చందాలేసుకోని వచ్చి, ధర కన్నా ముందు "అవ్వా, ఇసకలో లాగతాదా?" అని అడిగినారు. ఇంక బేరమేముండాది?

"నీళ్లు వదిలేస్తే బరువు తగ్గతాదవ్వా" అన్నాడు వాళ్ల డ్రైవరు. పక్కింటోళ్ల కూరగిన్నె కూడా ఉత్తగా తిరిగియ్యని నేను, దీన్నెట్టా ఉత్తగా పంపేది? నిండుగానే పంపినాను.

ఇయ్యాల శుక్రవారం గదా. పొద్దున్నే అలవాటు చొప్పున కుంకం గిన్నె తీసుకోని బండి ఉండే కొట్టం దాకా పోయినాను. నేల మీద చక్రాల గుర్తులుండాయి. వాటికే... వాటికే పెట్టొచ్చినాను.

అదిగో, కుళాయి వచ్చినట్టుండాది. పో, బిందె పెట్టు.