అమ్మమ్మ అనే చామంతి

పాతకాలపు నాటు పూలూ, ఎండకూ వానకూ జడవని మొండి ఆకుమొక్కలూ తప్ప, ముట్టుకుంటే వాడిపోయే సుకుమారాలను గేటు లోపలికే రానివ్వని నర్సరీ అది. పొద్దున్న తొమ్మిదిన్నరకు చామంతి కుండీకి అటు భార్య, ఇటు భర్త. మధ్యలో భార్య అప్పటికే సంతకం పెట్టేసిన ఒక కాగితం.

"పెన్ను అలా తిప్పుతారేమిటి? సంతకం పెట్టమన్నాను గానీ బొమ్మ గీయమన్నానా?"

"పెడతా. పెడతాలే. ఒకసారి చదవనీ."

"మూడుసార్లు చదివారు. ఉన్నదే రెండు లైన్లు. 'ఈ చామంతి మూడు తరాలుగా పిలక నుంచి పిలకగా, ఎక్కడా తెగకుండా వచ్చినదని ధ్రువీకరిస్తున్నాం.' అంతే. పదింటికి ఆ పాతమొక్కల తోటావిడ వచ్చేస్తుంది."

"'ఎక్కడా తెగకుండా' అనే మాట ఉండాలంటావా?"

"అసలు మాటే అది. తెగిందంటే వాళ్ళ తోటలో చోటివ్వరు."

"'దాదాపు తెగకుండా' అని రాస్తే?"

"దాదాపు పెళ్ళయిందంటారా ఎవరైనా? ఏమిటండీ మీ గోల?"

"ఇదుగో, ముందు ఆ కత్తెర కింద పెట్టు."

"ఎందుకూ?"

"పెట్టు, చెబుతా."

"పెట్టాను. చెప్పండి."

"మీ అమ్మమ్మను చంపింది నేనే."

"అమ్మా, నేను పుదీనా కోసం వచ్చాను... తర్వాత వస్తాలెండి."

"ఆగండాగండి. అమ్మమ్మంటే మనిషి కాదండీ, ఈ చామంతి. మా దగ్గర మొక్కను ఎవరిస్తే వాళ్ళ పేరే పెడతాం. మీరు పట్టుకున్న పుదీనా ఉంది చూశారా, అది మా అత్తమ్మ. పూటపూటా నీళ్ళు పోసి పలకరించకపోతే మూతి ముడుస్తుంది."

"మా అమ్మను మధ్యలోకి లాగకు."

"లాగలేదు, అమ్మేశాను. వెళ్ళిరండమ్మా. ఊఁ, ఇప్పుడు చెప్పండి. ఎప్పుడు చంపారు?"

"మీ చెల్లెలి కాన్పుకని రెండు నెలలు వెళ్ళావు చూడు, అప్పుడు. ఇరవైరెండేళ్ళయింది."

"ఎలా?"

"నువ్వే చీటీ రాసి గోడకు అంటించి పోయావు. అత్తమ్మకి రెండుపూటలా నీళ్ళు, అమ్మమ్మకి వారానికో చెంబు అని. నీ రాతలో 'త్త'కీ 'మ్మ'కీ తేడా ఉండి ఏడిస్తేగా. నాకు రెండుచోట్లా అమ్మమ్మే కనబడింది."

"రెండుచోట్లా అమ్మమ్మే అయితే, రెండు లెక్కలూ ఆవిడకే పోశారా?"

"పెద్దావిడ కదా, దాహం ఎక్కువేమో అనుకున్నా. పదిహేను రోజులకు వేరు కుళ్ళింది. అలా ముట్టుకుంటే చాలు, చేతిలోకి వచ్చేసింది."

"మరి అత్తమ్మ?"

"చుక్క పోయలేదు. కుళాయి కింద కారే తడితోనే బతికేసింది. మా అమ్మ కదా."

"అది మాత్రం ఒప్పుకుంటాను. తర్వాత?"

"తర్వాతేముంది, నువ్వొచ్చేలోపు ఊరంతా గాలించాను. అదే పసుపు, రేకు వెనక అదే ఎరుపు. చివరికి ఆసుపత్రి గేటు దగ్గర ఒక తోపుడుబండి మీద దొరికింది. తెచ్చి అదే కుండీలో పెట్టాను. నువ్వు సంచీ కూడా దించకుండా వచ్చి, 'బాగున్నావా అమ్మమ్మా' అని ఆకు నిమిరావు. అప్పుడే చెబుదామనుకున్నా. చెబితే ఇంక నా మొహం చూడవేమోనని భయం. ఆ భయం ఇప్పటికీ పోలేదు."

"అందుకేనా?"

"ఏమిటి?"

"ఆ ఏడాది నుంచే ఎరువు బస్తాలన్నీ మీరు మోస్తున్నారు. కుండీలు కడగమంటే మారుమాట లేదు. అంతకుముందు పిలిస్తే పలికేవారా?"

"తప్పు చేసినవాణ్ణి కదా మరి."

"నేనూ అందుకే చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"నాకు తెలుసని."

"తెలుసా?"

"వచ్చిన రోజే. కాండం మొదట్లో, ఆసుపత్రి గేటు బండివాడు తన మొక్కలకు కట్టే ఎర్రదారం ఉంది."

"దారం తీసేశానే. నా చేత్తో తీశానే."

"పైది తీశారు. ఆ బండివాడు రెండు కడతాడు. ఇంకొకటి మట్టిలో ఉంటుంది."

"ఇరవైరెండేళ్ళు నాచేత బస్తాలు మోయించావా?"

"నేనెక్కడ మోయించాను? మీరే మోశారు. వద్దంటే నొచ్చుకుంటారని ఊరుకున్నా."

"కోపం రాలేదా నీకు?"

"రాకేం. మీరు సంతకు వెళ్ళాక కుండీ ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. మర్నాడు ఆ బండివాడి మీదికి పోట్లాటకు కూడా వెళ్ళాను."

"వాడేం చేశాడు పాపం?"

"మొగుడి మీద కోపం ఎవరో ఒకరి మీద తీర్చుకోవాలిగా."

"సరే, అదంతా అలా ఉంచు. తెలిసీ ఈ కాగితం మీద ఎలా పెట్టావు సంతకం? నావల్ల కాదు. ఆవిడ రాగానే నేనే చెప్పేస్తా, తప్పంతా నాది, మా ఆవిడది కాదని."

"గేటు చప్పుడైంది. వచ్చినట్టుంది. పెట్టండి."

"పెట్టను. తెగింది తెగిందే."

"ఆ బండివాడు ఏమన్నాడో అడగరేం?"

"ఏమన్నాడు?"

"'ఈ మొక్క నీకెక్కడిదిరా' అని నిలదీశాను. 'మా నాన్న చెప్పేవాడమ్మా, సందు చివర నీలిగేటు ఇంట్లో ఒక ముసలావిడ ఉండేదట. వానలు పడగానే పిలకలు తీసి బుట్టెడు ఇచ్చేదట. ఒక్క ఇంట్లోనే ఉంటే ఎవడో ఒక వెధవ చేతిలో చస్తుంది, నలుగురిళ్ళలో ఉంటేనే బతుకుతుంది, పట్టుకుపోరా అనేదట' అన్నాడు."

"నీలిగేటంటే... ఆగాగు. ఆ సందు చివర ఇల్లు..."

"అదే. పెట్టండి సంతకం. మీరు బేరమాడి మరీ కొనుక్కొచ్చింది మా అమ్మమ్మనే."