దస్తగిరమ్మ చదివిన బిరుదులు

దస్తగిరమ్మ అని ఒకామె ఉండె. గుట్టపాళెం కోటలో గుర్రాల లాయం ఉండాది చూడు, ఆడ ఉలవలు ఉడకేసే పని ఆయమ్మది. మొగుడు మౌలాలి గుర్రాలు చూసుకునేటోడు, పోయి రెండేండ్లాయ. పిల్లా జెల్లా లేరు. ఆయమ్మకు ఉండేదంతా ఒక ఇత్తడి బాన, ఒక మూరెడు నాలిక. పొయ్యి రాజుకోకపోతే యాల రాజుకోవే అని తిడతాది, రాజుకుంటే యాల ఇంత మంట అని తిడతాది. ఆయమ్మ నోట పడనోడు ఆ కోటలో నాయుడొక్కడేనంట. నాయుడంటే పాళెగాడు, ఓబుళనాయుడు. ఆయప్పను తిట్టల్లని లేక కాదు, తలకాయ మీద ఆశ. మనం మాత్రం ఏమన్నా తక్కువా? పెద్దోళ్ళను ఇంట్లో తిడతాం, దోవలో కనపడితే దండం పెడతాం. ఆయమ్మా అంతే.

ఆ లాయంలో ఒక గుర్రం ఉండె. నుదుటి మీద సుడి ఉండాదని మౌలాలి దానికి సుడిగాడని పేరు పెట్టినాడు. పుట్టిన మూడోనాడే దాని తల్లి చచ్చిపాయ. మొగుడూ పెండ్లామూ మేకపాలు పోసి పెంచల్లని చూస్తే అది తాగదు, మొగం తిప్పుకుంటాది. ఒక పొద్దంతా బతిమాలి బతిమాలి ఆయమ్మకు కడుపు మండి, తాగరా నీ మొగం మన్నుగాను, నీతో నేను సస్తాండా అని ఒక్క అరుపు అరిచిందంట. గడగడా తాగేసె. ఇంగ అదే అలవాటు. తాలింపు వాసన వస్తే మనకు నోరూరదా, దానికి తిట్టు వినపడితే నోరూరేది. పెరిగి పెద్దదైనాక ఎట్లాంటి గుర్రమైందనుకో, పొద్దున బయలుదేరి మాపటికి నాలుగామడలు పోయినా రొప్పు రాదు. కానీ పొగరు. కొత్తోడు ఎక్కినాడంటే నేరుగా తుమ్మచెట్టు కిందికి తీసకపోయి, వాణ్ణి కొమ్మకు తగిలించి, తాను మాత్రం ఇంటికి వస్తాది. తిండి మాత్రం తిట్టు లేనిదే ముట్టదు.

ఏమైందంటే, ఆ గుర్రం పేరు నాలుగూళ్ళకు పాకె. నాయుడు దాన్ని చూద్దామని లాయానికి వచ్చినాడు. చూసి మురిసిపోయి, ఇంత గొప్ప గుర్రానికి సుడిగాడేందిరా కూలోని పేరు మాదిరి, దీనికి నా పేరు పెట్టండి అన్యాడంట. అనేదే ఆలస్యం, గుర్రం ఓబుళనాయనింగారైపాయ. దాన్ని రా పో అనకూడదు. దయచేయండి, ఆరగించండి అనల్ల. మర్యాద తప్పితే నాలిక కోస్తామని దండోరా వేసిరి. అది సరిగ్గా జరుగుతాందా లేదా అని రాసేదానికి నంజుండయ్య అనే రాయసమయ్యను లాయంలో కూచోబెట్టిరి. తాటాకు, గంటం, చాప, దిండు, అన్నీ ఇచ్చిరి. గుర్రాన్ని కట్టేసే గూటం మాత్రం పాతదే.

దస్తగిరమ్మ ఏం చేసె? రాయసమయ్య ఉన్నంతసేపు, అయ్యా ఓబుళనాయనింగారూ, తమరు రవ్వంత ఆరగించండి అంటాది. గుర్రం గోడ దిక్కు చూస్తాది. ఆయప్ప స్నానానికీ జపానికీ లేచి పోతాడు కద, అట్ల పోయినాడో లేదో గుర్రం చెవికాడికి పోయి, ఒరే సుడిగా, నీ పాడె గట్ట, తింటావా తినవా అంటాది. బాన ఖాళీ. రాయసమయ్య వచ్చి ఖాళీ బాన చూసి, మర్యాదకు మెచ్చి ఆరగించినారు అని రాసుకుంటాడు. కోటలో రాతలన్నీ అట్లాంటివేనంట. నాకేం తెలుసు, మా అవ్వ చెప్పింది.

ఇట్లుండగా నవాబు దగ్గర నుంచి తాఖీదు వచ్చె. పాళెగాళ్ళందరికీ పైన ఒక నవాబు ఉండె అనుకో. ఆయనకు తెలుగు రాదు. పోయిన యుద్ధంలో ఆయన గుర్రాలు అందరికన్నా ముందు పోయినాయంట, పోయి ఆడ కూలబడినాయంట. శత్రువులు వచ్చి సవార్లను పండ్లు ఏరుకున్నట్టు ఏరుకోని పోయినారు. అందుకని నవాబుకు బుద్ధొచ్చె. ఒక్కో పాళెగాడూ ఒక్కో గుర్రాన్ని పంపల్ల. పన్నెండామడల దోవ, మూడు పగళ్ళు. ముందొచ్చిన గుర్రం గెలిచినట్టు కాదు. వచ్చి, నిలబడి, పెట్టిన దాణా తింటేనే గెలిచినట్టు. తినని గుర్రానికి లోపల పని అయిపోయినట్టే, దాన్ని నా పిరంగి బండ్లకు కట్టేస్తా అన్యాడు. మంచి మాటే కద. నవాబులు కూడా ఒకోసారి మంచి మాట అంటారు. ఇంగో షరతు కూడా పెట్టె. పాళెగాళ్ళు దోవలో గుర్రాలు మారుస్తారని తెలుసు గదా ఆయనకు, అందుకని దాణా పెట్టేటోళ్ళు పదడుగుల దూరంలో నిలబడి, పాళెగాడు రాసి పంపిన గుర్రాల పట్టీలో ఉండే పేరుతోనే గట్టిగా పిలవల్ల. వేరే పేరుతో పిలిస్తే మార్చిన గుర్రం కింద లెక్క.

పిరంగి బండి అనే మాట విని దస్తగిరమ్మ పొయ్యి మీద బాన వదిలేసి గుర్రం కాడికి పోయిందంట. ఆ బండికి కట్టిన గుర్రం రెండేండ్లు బతకదు. చేతుల మీద పెరిగిన జీవం అది. మొగుడు పోయేటప్పుడు కూడా సుడిగానికి నీళ్ళు పెట్టినావా అనే అడిగినాడంట.

నాయుడు తన బావమరిదిని సవారీకి పంపినాడు. ఆయప్ప జరీ తలపాగా చుట్టి, రెండు కడియాలు వేసి, కత్తి గట్టి, పెండ్లికొడుకు మాదిరి ఎక్కినాడు. ఊరి పొలిమేరలో తుమ్మచెట్టు ఉండాది. ఇంగ నేను చెప్పేదేముండాది? తలపాగా ఒక కొమ్మకు, బావమరిది ఒక కొమ్మకు. అప్పుడు గుర్రం దగ్గరికి పోయేదానికి దస్తగిరమ్మ తప్ప ఎవురుండారు? ఏండ్ల తరబడి దాన్ని ఏటికి నీళ్ళకు తోలకపోయేటప్పుడు ఎక్కి కూచునేది ఆయమ్మే. ఎండిన కంది పుల్ల మాదిరి ఉంటాది, బరువే లేదు. నాయుడు చూసినాడు, ఇంగ దోవ లేదు, సరే పో అన్యాడు. మర్యాద జాగ్రత్త, నాలిక జాగ్రత్త అని మళ్ళీ చెప్పి, రాయసమయ్యను ఒక పొట్టి తట్టుగుర్రం మీద వెంట తోలినాడు.

మిగతా పాళెగాళ్ళ గుర్రాలు దుమ్ము లేపుకుంటా పాయ. ఈయమ్మ మాత్రం నిదానం. సల్లటి పొద్దులో పోతాది, ఎండెక్కితే ఆగుతాది. దిగినాక గుర్రాన్ని రవ్వంతసేపు నడిపించి, చెమట ఆరినాక గడ్డి సుట్టతో ఒళ్ళంతా రుద్ది, అప్పుడు నీళ్ళు చూపిస్తాది. ఇంటి నుంచి తెచ్చిన ఉలవలే, ఉడకేసి, ఆరబెట్టి, తవుడు కలిపి, ఉప్పు చిటికెడు. దోవలో ఊరోళ్ళు నాయనింగారు వస్తాండారని విని బూరెలు, పులిహోర చేసుకోని ఎదురొచ్చినారంట. నిజంగా నాయుడే వస్తాండాడనుకున్యారు పాపం. గుర్రానికి కొత్త తిండి పెడితే కడుపు పట్టుకుంటాదని ఈయమ్మ పెట్టనీలే. రాయసమయ్య ఉండాడు గదా, నాయనింగారి తరపున నేను స్వీకరిస్తానని అన్నీ స్వీకరించె. మూడునాళ్ళలో గుర్రానికి పొట్ట తగ్గె, ఆయప్పకు పెరిగె. ఉడికిన ఉలవల నుంచి వార్చిన కట్టు నీళ్ళు మాత్రం దస్తగిరమ్మ తాగేది. గింజ గుర్రానికి, కట్టు మనిషికి.

దోవలోనూ అదే నాటకం. రాయసమయ్య ఏటికి స్నానానికి పోతే ఈడ తిట్లు, బాన ఖాళీ. ఆయప్ప వచ్చి, మర్యాదకు మెచ్చి ఆరగించినారు అని రాసుకునేది. ఆయమ్మ మనసులో మాత్రం రాయి పడి ఉండె. ఆడికి పోయినాక చెవిలో చెప్పేదానికి లేదు, సుడిగా అనేదానికి లేదు. ఎట్లరా నాయనా అని గుర్రం మెడ మీద తల పెట్టి ఏడ్చిందంట. గుర్రం ఆయమ్మ కొంగు నమిలింది. దానికేం తెలుసు.

మూడోనాడు మధ్యాన్నానికి నవాబు మైదానం చేరిరి. అర ఆమడ దూరంలోనే ఆయమ్మ దిగి, పగ్గం పట్టుకోని నడిపించుకుంటా వచ్చె. వీళ్ళది నాలుగో గుర్రం. నాయుడు ముందే వచ్చి నవాబు పక్కన కూచోని ఉండె, నాలుగోదని చూసి పండ్లు కొరికినాడంట. కానీ ముందొచ్చిన మూడూ ఏమాయ? ఒకటి వచ్చి కూలబడె. ఒకటి దాణాలో ముక్కు పెట్టి గమ్మునుండె. ఇంగోటి పక్కనున్న సిపాయిని కరిచి, దాణా ముట్టలే. మూడింటినీ తాళ్ళు వేసి పిరంగి బండ్ల దిక్కు తోలకపోయిరి. దస్తగిరమ్మ అది చూసె.

సుడిగాని ముందర బాన పెట్టిరి. జెండా కొయ్య నీడ ఆ తెల్లరాయి దాకా వచ్చేలోపల తినల్ల అన్యారు. ఆయమ్మ పదడుగుల దూరంలో నిలబడి, అయ్యా ఓబుళనాయనింగారూ, ఆరగించండి అనె. గుర్రం ఆకాశం చూసె. రాయసమయ్య ముందుకొచ్చి, సంస్కృతం కలిపి, మహారాజశ్రీ అని మొదలుపెట్టి ఒక దండకం చదివె. గుర్రం తోక ఎత్తి పేడ వేసె. నాయుడే లేచి వచ్చి, తన పేరు తానే పెట్టుకోని, ఓబుళనాయనింగారూ తమరు దయచేసి అని బతిమాలినాడంట. బతుకులో ఆయప్ప ఒకర్ని బతిమాలింది అదే మొదలు, అదీ తనను తానే. గుర్రం మొగం తిప్పుకునె. నీడ రాయికి జానెడు దూరం వచ్చె. సిపాయిలు తాడు తీసుకోని లేచిరి.

దస్తగిరమ్మ తాడు చూసె, నాయుణ్ణి చూసె. గుర్రం ఆయమ్మ దిక్కే చూస్తాండాది, ఇంగా వడ్డించవేంది అన్నట్టు. ఈ నాలిక పెట్టుకోని నేనేం చేసుకోవల్ల, పోతే పోనీ అనుకునె. కొంగు నడుముకు దోపి, గరిటె చేత పట్టుకోని, తిట్లు ఎత్తుకునె.

ఒరే ఓబుళనాయుడా. నీ మొగం మన్నుగాను. ఎవుని చేలో గింజలురా ఇవి? ఎండలో వాడు ఎముకలు అరగదీసి పండిస్తే, గాదెలు గాదెలు మేసింది చాలక ఇంగా నిన్ను బతిమాలల్లనా? తిండికి తిమ్మరాజువు, పనికి పోతరాజువు. నీ నెత్తిన గొడుగు పట్టేదానికి ఒకడు, నువ్వు తుమ్మితే రాసేదానికి ఒకడు. ఊళ్ళో పిల్లోళ్ళకు గంజి లేదు, నీకు బూరెలు. నీ అంత ముదనష్టపోడు మా వంశంలో లేడురా అని మీ నాయన సచ్చేటప్పుడు చెప్పి సచ్చినాడు. మూసుకోని తిను, లేకపోతే ఈ గరిటె నీ నెత్తిన ఇరగ్గొడతా.

 గుర్రం చెవులు నిక్కించె, సంతోషంగా సకిలించె, బానలో మూతి పెట్టి గబగబా తినబట్టె.

నవాబు చూస్తాండాడు కద, ఆయనకు ముక్క అర్థం కాలే. ఏమంటాంది ఆ ముసలామె అని రాయసమయ్యను అడిగినాడు. రాయసమయ్య చంకలోని తాటాకుల కట్ట చూసుకునె. తిట్టిందని చెప్తే, ఇన్నాళ్ళూ మర్యాదకు మెచ్చి ఆరగించినారు అని రాసిన ఆకులన్నీ యాడ పెట్టుకోవల్ల? హుజూర్, మా నాయనింగారి బిరుదులు చదువుతాంది అన్యాడంట. నవాబు శానా సంతోషపడినాడు. ఇన్ని బిరుదులా, ఎంత కమ్మగా చదివింది, గుర్రానికి కూడా యజమాని మీద ఎంత భక్తి, ఇంగోసారి చదవమను అన్యాడు. నవాబు మాట కాదనేదుందా? ఆయమ్మ ఇంగోసారి చదివె. ఈసారి మొదటిసారి మరిచిపోయినవి కూడా కలిపె. నాయుడు చేతులు కట్టుకోని, తల వంచుకోని, తన బిరుదులు నిలబడి విన్యాడు. తెలుగొచ్చినోళ్ళు నూరు మంది కండువాలు నోట్లో కుక్కుకున్యారంట. ఆ బాన ఖాళీ ఆయ.

గెలిచిరి. నవాబు శాలువా కప్పి, ఏటేటా ఈ గుర్రం రావల్ల, ఈయమ్మ వచ్చి బిరుదులు చదవల్ల అని ఉత్తరువు చేసె. ఇంగ నాలిక కోసేది ఎట్ల? నాయుడు ఇంటికి వచ్చి మూడునాళ్ళు అన్నం తినలేదంట. నాలుగోనాడు తెలివి తెచ్చుకోని, నా పేరు తీసేయండి, మునుపటి మాదిరి సుడిగాడనే పిలవండి అన్యాడు. దస్తగిరమ్మ సరే దొరా అని, బాన పెట్టి, ఒరే సుడిగా నీ పాడె గట్ట, తినరా అనె. గుర్రం వాసన చూసి మొగం తిప్పుకునె. ఎంత తిట్టినా అంతే. ఓబుళనాయని పేరు కలిసిన తిట్టు రుచి మరిగిపాయ దానికి, ఇంగ ఒట్టి తిట్టు ఎక్కుతాదా? రెండునాళ్ళు చూసి, నాయుడే తలకాయ పట్టుకోని, సరే, నా పేరుతోనే కానీండి అన్యాడు.

ఆ తర్వాత దస్తగిరమ్మకు గొంతు పోయేదాకా పని ఉండె. గొంతు పోయినాక కూడా గుర్రం పస్తుండలే. పొద్దున్నే బిరుదులు చదివేదానికి లాయం ముందర రైతులు వరస కట్టేటోళ్ళంట, దోసెడు దోసెడు ఉలవలు ఎవురి ఇంటి నుంచి వాళ్ళే తెచ్చుకోని. శిస్తు పెరిగిన ఏడాది ఆ వరస కోట గోడ చుట్టి వచ్చెనంట. నాయనింగారి గుర్రం మీద జనానికి ఎంత ప్రేమో అని రాయసమయ్య రాసుకున్యాడు.

మా అవ్వ నాకు సంగటి పెట్టి, నేను మారాం చేస్తే, తింటావా, బిరుదులు చదవల్లనా అనేది. పొద్దుగూకింది, మీ ఇండ్లలో కూడా సంగటి ఆరిపోతా ఉంటాది, లేయండి. లేయకపోతే మీ పేర్లన్నీ నాకు తెలుసు.